రాని జబ్బు మీద పందెం

డాక్టరమ్మ సొరుగులోంచి దర్జీ టేపు తీసి నా పొట్ట చుట్టూ పెట్టేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఏం మేడం, చొక్కా కుట్టిస్తారా?" అన్నాను. ఆమె నవ్వలేదు. "పొట్ట లోపలికి లాక్కోవద్దు, ఊపిరి వదలండి" అంది. లాక్కున్నానని ఆమెకెలా తెలిసిందో గానీ, పట్టుబడ్డాక చేసేదేముంది, వదిలాను. టేపు బిగిసింది. ఆమె ఏదో అంకె రాసుకుని, నా వైపు చూడకుండానే "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగింది. నా పొట్టకూ మా నాయన చావుకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు.

నా పేరు మునిరత్నం. మాది వడమాలపేట, తిరుపతికీ పుత్తూరుకూ నడుమ. తిరుమల కొండకు బస్సు నడపడం నా పని. ఇది రాస్తున్న రోజుకు కూడా అదే సీట్లో ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ గొడవంతా ఆ సీటు కోసమే జరిగింది. మైదానం మీద బస్సు నడిపేవాళ్ళు చాలామంది ఉంటారు. ఘాట్ రోడ్డుకు మాత్రం ఏరి పంపుతారు. కళ్ళు, గుండె, రక్తం అన్నీ సరిగా ఉండాలి, ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బస్సు ముక్కు లోయ మీదికి పోతుంది. వెనక జనమంతా గోవిందా అని కేకపెడతారు. వాళ్ళు పిలిచేది ఆయన్ని, తిప్పేది నేను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

కొండ దిగే బస్సులో ప్రతి ఒడిలోనూ లడ్డు సంచి ఉంటుంది. యాలకులు, పచ్చకర్పూరం, నెయ్యి, గుండ్ల మీద పూసిన చందనం, వేడెక్కిన బ్రేకులు, అన్ని వాసనలూ కలిసి నా సీటు దాకా వస్తాయి. కింద స్టాండులో ఆపగానే ఎవరో ఒక ముసలమ్మ లడ్డు విరిచి నా చేతిలో పెడుతుంది. "బద్రంగా దించినావు నాయనా, తిను" అంటుంది. ట్రిప్పుకు ఒకరో ఇద్దరో అలాంటివాళ్ళు ఉంటారు. మా జిల్లాలో పుట్టినవాడు ప్రసాదం వద్దనడు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాడు. అది తిండి లెక్కలోకి రాదు. జ్వరం వచ్చినవాడికి పెడతారు, ఒక్కపొద్దు ఉన్నవాడికి పెడతారు, డాక్టరు తీపి మానమన్నవాడికి కూడా "ప్రసాదమే గదా, ఏమీ కాదు" అని పెడతారు. ఏళ్ళ తరబడి అలా తింటూ వచ్చాను. నేను తీపి తినే మనిషినని ఒక్కనాడూ నాకు తోచలేదు.

రెండువేల రెండు, పెరటాసి నెల, అంటే సెప్టెంబరు ఆఖరు. మావైపు ఆ నెల శనివారాలన్నీ స్వామివే. ఏడాది పరీక్షకు పరగడుపున రమ్మని డిపోలో చెబితే, నేనే అడిగి శనివారం తీసుకున్నాను. ఆ రోజు నాకు ఎటూ ఒక్కపొద్దు, పొద్దుగూకే దాకా అన్నం ముట్టను. ఇంతకు మించిన పరగడుపు ఏముంటుంది అనుకున్నాను. ముందురోజు కొండ మీదే నిద్ర చేసి, తెల్లవారి మొదటి బస్సు దించుకుని, కాఫీ చుక్క కూడా తాగకుండా నేరుగా మా డిస్పెన్సరీకి వెళ్ళాను.

అక్కడి బెంచీ గురించి ఒక మాట చెప్పాలి. ఖాకీ చొక్కాలు వరసగా కూర్చుని ఉంటాయి. రోడ్డు మీద ఎవడికీ దారి ఇవ్వనివాళ్ళు ఆ బెంచీ మీద జరిగి జరిగి చోటిస్తారు. ఒకడు గోడ మీది కంటిపరీక్ష అక్షరాలను దూరం నుంచే వల్లె వేస్తున్నాడు. ఇంకొకడు బీపీ తక్కువ చూపించాలని కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ధీమాగా కాలు మీద కాలు వేసుకున్నాను.

రక్తం తీసే సిస్టర్ పేరు గ్రేసమ్మ. పుత్తూరు మనిషి. ఆమె చేతిలో సూది దిగింది కూడా తెలియదు.

"ఏమన్నా తిన్నావా అప్పా?"

"లేదు సిస్టర్."

"కాఫీ, టీ?"

"మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలా. ఈ పొద్దు ఒక్కపొద్దు గూడా."

"మంచిది. పిడికిలి బిగించు."

నేను అబద్ధం చెప్పలేదు. గర్భగుడి ముందు నిలబెట్టి అడిగినా అదే చెప్పేవాణ్ణి.

సోమవారం డాక్టర్ వసుంధర పిలిచింది. ఆమెది గుంటూరు వైపు, మాట ముక్కుసూటిగా ఉంటుంది. షుగరు ఎక్కడికో పోయిందట. రక్తంలో కొవ్వు అంతకంటే ఎక్కువగా ఉందట. బీపీ సంగతి సరేసరి. అప్పుడే ఆ టేపు తీసింది, అప్పుడే నాయన గురించి అడిగింది.

"ముల్లు గుచ్చుకోని పోయినాడు మేడం" అన్నాను.

"ముల్లా?"

"అరికాల్లో తుమ్మముల్లు దిగింది. పుండు మానలా. కాలు నల్లబడింది. ఆ ఏడే పోయినాడు."

మా ఇంట్లో అందరం చెప్పుకునే మాట అదే. చేనిగట్టు మీది ఆ తుమ్మచెట్టును మా అన్న పగబట్టి మొదలంటా కొట్టించేశాడు కూడా.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ముల్లు గుచ్చుకుని ఎవరూ పోరు మునిరత్నం గారూ. ఆ పుండు ఎందుకు మానలేదో ఎవరైనా చూశారా?"

నాయన చివరి రోజుల్లో చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. మాటిమాటికీ లేచి బయటికి పోయేవాడు. ఆయన కూర్చుని లేచిన చోట చీమలు చేరేవి. ఒంట్లో వేడి అని అమ్మ మజ్జిగ తాగించేది. ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చుని ఉండగా ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి.

"ఘాట్ డ్యూటీ ఆపమని రాస్తున్నాను. తప్పదు" అంది ఆమె.

డిపో గేటు దగ్గర నాకు కుర్చీ వేశారు. వచ్చీ పోయే బస్సుల నంబర్లు చెప్పాలి. అంతే పని. నా బస్సును వేరేవాడు నడుపుతూ నా ముందు నుంచే పోయేవాడు. వాడు గేరు మారుస్తుంటే వచ్చే చప్పుడు వింటే నా పళ్ళు పులిసిపోయేవి. నిజం చెప్పాలంటే ఆ కుర్చీలో నాకు చాలా భయం వేసింది. ఎవరూ చూడకుండా బూట్లు విప్పి అరికాళ్ళు తడుముకునేవాణ్ణి. చిన్న గీత కనిపించినా వేలితో నొక్కి నొక్కి చూసుకునేవాణ్ణి. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఇంకా చంపారు. ఒకడు కాకరకాయ రసం అన్నాడు, ఒకడు మెంతులు అన్నాడు, ఇంకొకడు "మా మామకు గూడా ఇట్లే మొదలైందప్పా" అని మొదలుపెట్టి, ఆ మామ ఏమయ్యాడో చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇంట్లో అమ్మ అసలు ఒప్పుకోలేదు. "మీ నాయనకు సక్కెర జబ్బా? సక్కెర కొనే సొమ్ము యాడుండె మనింట్లో! ఆ యమ్మకేం తెలుసు? ముల్లు నేను తీసినాను గదరా, ఈ సేత్తోనే, పిన్నీసు పెట్టి" అని ఏడ్చింది. ఆ మాట మీద నాకు విసుగొచ్చి గట్టిగా అరిచాను. ఆ పూట ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు నా భార్య సుగుణ బట్టలు ఉతుకుతూ నా ఖాకీ చొక్కా పట్టుకుని దొడ్లోంచి వచ్చింది.

"ఏమయ్యా, ఈ జేబుకు నెయ్యి మరకేంది?"

"ప్రసాదం. ఇంకేముంటాది."

"ఏ పొద్దుది?"

"ఆ శనివారందే అయుంటాది. ఆ పొద్దుటి నించీ ఆ సొక్కా ఏసుకోలేదు గదా."

"శనివారమా? రగతం తీసే ముందరా?" ఆమె చొక్కా బకెట్లో పడేసింది. "ఏం తినలేదని సెప్పినానంటివే!"

"తినలే. కొండ దిగినాక ఒకామె ప్రసాదం పెడితే..." అని, అక్కడే ఆగిపోయాను.

"ప్రసాదం కడుపులోకి పోలేదా? నేరుగా వైకుంఠానికి పోయిందా?"

మరునాడు డిస్పెన్సరీ తలుపులు తీయకముందే అక్కడ నిలబడ్డాను. గ్రేసమ్మ విని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎంత తిన్నావప్పా?" అంది. అరచెయ్యి చూపించాను. "అయ్యో, మా చర్చిలో ఇచ్చే అప్పం మాదిరి గోరంత ఉంటే సరిపొయ్యుండునే! సగం లడ్డు తినేసి ఒక్కపొద్దు అంటే నాకేం తెలుస్తాది?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. బెంచీ మీద ఉన్నవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించి, "రేపు రా. కొండ మీంచి కాదు, ఇంటి నుంచి రా. నేను ముందే వచ్చి తీస్తా" అంది. ఆ గొంతు తగ్గించినందుకు ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండోసారి తీసిన రక్తంలో షుగరు దిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "చూశారా మేడం, నాకేం లేదు!" డాక్టరమ్మ కూర్చోమంది.

"ఇది షుగరు జబ్బు కాదు, నిజమే. కానీ దాని గుమ్మంలో నిలబడ్డారు. మీ పొట్ట, మీ బీపీ, రక్తంలో కొవ్వు, హద్దు మీద ఉన్న షుగరు, వీటికి తోడు మీ నాన్నగారు. విడిగా చూస్తే ఏదీ భయపడాల్సింది కాదు. అన్నీ ఒకే మనిషిలో చేరితే దానికి మెటబాలిక్ సిండ్రోమ్ అని పేరు. మీరు ఇలాగే ఉంటే ఐదారేళ్ళలో షుగరు రావడమో, గుండెకో మెదడుకో దెబ్బ తగలడమో దాదాపు ఖాయం."

"ఖాయమా? మీరేమన్నా జాతకం రాస్తున్నారా?"

"జాతకమే అనుకోండి. ఇది తప్పితే రాసినవాళ్ళకు సంతోషం, అంతే తేడా."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఉన్న జబ్బుకైతే మందు ఇస్తారు. లేని జబ్బుకు నన్ను దోషిగా నిలబెట్టడమేమిటి? బీపీ బిళ్ళలు రాసింది, మూడు నెలలకోసారి కనబడాలంది, నా సీటు నాకు ఇప్పించింది. సీటు తీసుకున్నాను, బిళ్ళలు తీసుకున్నాను, జాతకం అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రోజు కింద స్టాండులో ఎవరో లడ్డు పెడితే రెండు చేతులా అందుకుని తిన్నాను. నా గెలుపు అదే అనుకున్నాను.

ఆ సంక్రాంతి దాటాక ఒకసారి బంగారుపాళ్యం పోయి మా అన్నకు ఈ కథంతా చెప్పాను. మా అన్న చెంగల్రాయులుకు అక్కడ అత్తవారిచ్చిన మామిడితోట ఉంది. కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతాడు. మనిషి నాకు అచ్చు, పొట్టతో సహా. అన్నీ విని పగలబడి నవ్వాడు. "మన నాయన పొట్టరా ఇది. దీన్ని టేపు పెట్టి కొలిచేదేంది! కూడు లేనోనికి రోగం గానీ మనకేమిరా?" అని నా వీపు మీద చరిచాడు. ఇద్దరం కలిసి కడుపునిండా తిన్నాం. వదిన రుక్మిణి మూడోసారి కూడా వడ్డించింది.

ఆ వేసవి కాయ విరగకాసింది. ఫ్యాక్టరీ గేటు ముందు లారీల వరసలో కూర్చుని, తూకం కోసం కాచుకుని ఉండగా, అన్న చేతిలోని మామిడిపండు జారి కింద పడిందట. తీసుకుందామని వంగితే చెయ్యి రాలేదట. కబురు అందేసరికి నేను కొండ మీద ఉన్నాను. బస్సు భద్రంగా దించి, ఇంకొకరికి అప్పగించి, చిత్తూరు ఆస్పత్రికి పరిగెత్తాను.

ఆ వరండాలో ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. వదిన గోడకానుకుని నేల మీద కూర్చుంది. నన్ను చూసి, "ఆ పొద్దు నువ్వు టేపు గురించి సెప్తా ఉంటే నవ్వినాం గదా మరిదీ" అంది. మా పక్కన గుడియాత్తం నుంచి వచ్చిన అరవామె ఉంది, ఆమె భర్త కూడా లోపలే ఉన్నాడు. మా ఇద్దరినీ కాసేపు చూసి, ఏమీ అడగకుండా ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చింది. అందులో చక్కెర లేదు. ఆయనకు మానిపించి చాలా ఏళ్ళయిందని సైగలతో చెప్పింది. చేదుగా, వేడిగా ఉంది. మొత్తం తాగాను.

తర్వాత లోపల్నుంచి ఒక మనిషి వచ్చి ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టాడు. అన్న ఒంటి మీద తీసిన వస్తువులు. వాచీ, ఉంగరం, మొలతాడు. మొలతాడును ముడి దగ్గర కత్తిరించి తీసినట్టున్నారు. ఎందుకు చేశానో తెలియదు, వరండా చివరికి పోయి ఆ నల్లతాడును నా చొక్కా పైనుంచి నా నడుముకు చుట్టుకున్నాను. కొస కొసకు సరిగ్గా అంటింది. చిన్నప్పుడు మా ఇద్దరికీ అమ్మ ఒకే తాడు తెచ్చి, రెండుగా తెంపి కట్టేది. నేను అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చాను. ఏడుపు అయ్యాక మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి డాక్టరమ్మ మీద కాదు. మా నాయన్ని తిని, మా అన్న చేతిని తిని, నా గుమ్మంలో నిలబడ్డ దాని మీద. నా సీటు నీకిస్తానా? ఇవ్వను. పందెం!

అన్న బతికాడు. కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా రాలేదు, మాట కొంచెం మొద్దుగా వస్తుంది.

పందెం అనుకోవడం తేలిక. మొదట సంగటితోనే బోర్లా పడ్డాను. ఉద్యోగం వచ్చాక మా ఇంట్లో రాగిసంగటి మానేశాం, పెద్దవాళ్ళమయ్యామని. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టి, ఆరోగ్యం కదా అని తలకాయంత ముద్దలు మింగాను. మూడు నెలల తర్వాత డాక్టరమ్మ టేపు చూసి, "రాగులైనా ముద్ద ముద్దే" అంది. చిన్నగిన్నె ఒకటి కొని సుగుణ చేతికిచ్చాను. ఆ గిన్నెతో కొలిచి పెడితే అమ్మకు ప్రాణం పోయినంత పనయ్యేది. కోడలు కొడుకును మాడ్చి చంపుతోందని వీధిలో చెప్పుకుంది. సుగుణ ఏడ్చింది, రెండు రోజులు పుట్టింటికి పోయింది, తనే తిరిగి వచ్చి మళ్ళీ అదే గిన్నె తీసింది. నాకంటే మొండిది.

ఆ పెరటాసిలో మా ఇంట్లో తళిగలు వేశాం. స్వామి ముందు ఆకు మీద అన్నం రాశిపోసి, చిత్రాన్నం, పొంగలి, వడలు పెట్టి, గోవిందలు కొట్టి, ఆ అన్నం అందరికీ పంచుతారు. నేను పిడికెడు తీసుకుని ఆకు మడిచాను. మా పిన్ని ఊరుకుంటుందా? "తళిగన్నం వద్దంటావా? ఇంటికి అరిష్టంరా!" అని అందరి ముందూ మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు తలా ఒక మాట అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మూలన కూర్చున్న అమ్మ లేచింది.

"వాన్ని వదలండే. వాని పాలు నేను తింటా. ముల్లు ముల్లని ఒకరిని పోగొట్టుకుంటిమి, సాలు."

అమ్మ నా ఆకు తన ముందుకు లాక్కుని కూర్చుంది. తుమ్మముల్లు గురించి ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇక మెట్లు. ఏళ్ళ తరబడి జనాన్ని కొండెక్కించినవాణ్ణి, నేను కాలినడకన ఎక్కింది చిన్నప్పుడు పుట్టువెంట్రుకల మొక్కుకు, అదీ నాయన భుజాల మీద. సెలవు రోజున అలిపిరి దగ్గర మొదలుపెట్టాను. గాలిగోపురం దాకా కూడా పోలేక, ఒక మెట్టు మీద చతికిలబడి, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతున్న ఆడవాళ్ళకు దారి ఇస్తూ కూర్చున్నాను. ఒక ముసలాయన నన్ను దాటిపోతూ "మెల్లగా రా అబ్బా, కొండ యాడికీ పోదు" అన్నాడు. దిగివచ్చేశాను. మరుసటి వారం మళ్ళీ పోయాను. గాలిగోపురం దాటేసరికి వానలు వచ్చాయి, పైకి చేరేసరికి చలికాలం వచ్చింది. పైన నడకదారి ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది. దిగే బస్సులోంచి మావాళ్ళు నన్ను చూసి హారన్ కొట్టేవాళ్ళు.

"ఏందప్పా రత్నం, బస్సు సెడిపొయ్యిందా? మొక్కా?"

"మొక్కు గాదు, పందెం!" అని అరిచేవాణ్ణి.

అన్నిటికంటే కష్టం లడ్డుతోనే. మొదటిసారి ఒకామెతో "వద్దమ్మా" అన్నాను. ఆమె మొహం వాడిపోయింది, నావల్ల ఏదో పాపం జరిగినట్టు చూసింది. బస్సు భద్రంగా దించినందుకు ఆమె ఇవ్వగలిగింది అదే. కాదనడానికి నేనెవరిని? ఆ తర్వాత నా పద్ధతి నేనే పెట్టుకున్నాను. రెండు చేతులా తీసుకుంటాను, కళ్ళకద్దుకుంటాను, ఒక బూందీ గింజ నోట్లో వేసుకుంటాను, మిగతాది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటాను. డిపోలో బస్సులు కడిగేవాళ్ళకు పంచుతాను. దేవుడికి కోపం వచ్చినట్టు ఇంతవరకు ఏ మలుపులోనూ తెలియలేదు.

ఇవాళ్టికి డాక్టరమ్మ చెప్పిన ఐదారేళ్ళు దాటాయి. నాకు షుగరు రాలేదు. పొట్ట పూర్తిగా పోలేదు, మధ్యలో ఒక ఏడు మళ్ళీ పెరిగి నన్ను ఏడిపించింది. బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటాను, వేసుకుంటూనే ఉంటాను, అందులో నాకు సిగ్గు లేదు. రేపో ఎల్లుండో షుగరు వస్తుందేమో, రాదని నేను రాసివ్వలేను. వస్తే రానీ. గుమ్మంలో కాచుకుని ఉంటే చేతికి చిక్కే మనిషిని మాత్రం కాదు, నన్ను వెతుక్కుంటూ కొండెక్కి రావాలి.

ఇదంతా ఎందుకు రాశానంటే, స్టీరింగుకు పొట్ట ఆనుతున్న కుర్ర డ్రైవర్లను రోజూ చూస్తున్నాను. బెంచీల మీద మీ వరస వచ్చేదాకా కూర్చునేటప్పుడు ఎంత భయంగా ఉంటుందో నాకు తెలుసు. ఇంకా రాని జబ్బు పేరు చెబితే కోపం వస్తుందనీ తెలుసు. రానివ్వండి. ఆ కోపాన్ని డాక్టరు మీద ఖర్చుపెట్టకండి. మీ ఇంట్లో ఎవరైనా ముల్లు గుచ్చుకునో, దిష్టి తగిలో, ఉన్నట్టుండి నిద్రలోనో పోయారని చెబుతుంటే, ఇంకొకసారి అడగండి.

మొన్న ఏడాది పరీక్షకు పోయాను. డాక్టర్ వసుంధరకు బదిలీ అయింది, వెళ్ళే ముందు మా పాత లెక్కలన్నీ ఒకసారి చూస్తానందట. మళ్ళీ పెరటాసి, మళ్ళీ శనివారం, మళ్ళీ నేనే అడిగి తీసుకున్నాను. మొదటి బస్సు దించుకుని నేరుగా వచ్చాను. బెంచీ మీద కుర్రవాళ్ళు జరిగి చోటిచ్చారు. గ్రేసమ్మకు కళ్ళద్దాలు వచ్చాయి. నా చెయ్యి పట్టుకుని, నరం వెతుకుతూ, ఎప్పటిలాగే అడిగింది.

"ఏమన్నా తిన్నావా అప్పా?"

"లేదు సిస్టర్."

"కాఫీ, టీ?"

"లేదు."

ఆమె సూది పైకెత్తి, కళ్ళద్దాల మీదుగా నా మొహంలోకి చూసింది. "ప్రసాదం?"

నేను చొక్కా జేబు తట్టి చూపించాను.

"ఈడ ఉండాది సిస్టర్. నువ్వు రగతం తీసుకో, ఆనక ఇద్దరం తిందాం."